ఒక్క కణం, ఒక్క అణువు: సగటును దాటి కొలిచిన భౌతికశాస్త్రం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. మెతుకులన్నీ ఒకే ఎసట్లో, ఒకే మంట మీద ఉడికాయి కనుక ఆ నమ్మకం చెల్లుతుంది. జీవరసాయనశాస్త్రం కూడా చాలాకాలం ఇదే నమ్మకంతో, కాకపోతే దాన్ని తిరగేసి నడిచింది. కుండనంతా ఒకేసారి కొలిచి, ప్రతి మెతుకూ అలాగే ఉంటుందని అనుకుంది. పరీక్షనాళికలో కోటానుకోట్ల అణువులు ఉంటాయి. వాటన్నిటి నుంచి వచ్చే వెలుగునో, వేడినో, రంగు మార్పునో కొలిస్తే ఒక సగటు వస్తుంది. ఆ సగటునే అణువు స్వభావంగా పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నాం.

ఒక్క అణువును విడిగా పట్టుకుని కొలవడం అసలు సాధ్యమేనా? 1952లో ఎర్విన్ ష్రోడింగర్ సాధ్యం కాదనే రాశాడు. ఒంటరి ఎలక్ట్రాన్‌తో, ఒంటరి అణువుతో ప్రయోగాలు ఊహల్లోనే జరుగుతాయని ఆయన అభిప్రాయం. పదేళ్లు తిరగకుండానే ఆ మాట సడలడం మొదలైంది. ఈనాడు ఒక ప్రోటీన్ అణువు వేసే అడుగును నానోమీటర్లలో కొలుస్తున్నారు. ఒక బాక్టీరియాను తూకం వేస్తున్నారు. ఒక్క కణంలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో చదువుతున్నారు.

ఈ పద్ధతులన్నిటినీ ఒకచోట పెట్టి మూడు ప్రశ్నలు వేయడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎలా కొలుస్తున్నారు? ఆ కొలత సగటు చెప్పని దేన్ని చెప్పింది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? ఈ రంగం అంటే చాలామందికి గుర్తొచ్చేవి రంగురంగుల సూక్ష్మదర్శిని చిత్రాలు. దాని అసలు సంపాదన వేరు. ఒకేలా ఉన్నాయనుకున్న వాటి మధ్య తేడాను అంకెల్లో పెట్టగలగడమే ఆ సంపాదన.

సగటు ఏం దాస్తుంది?

సగటు మూడు విషయాలను దాచేస్తుంది. మొదటిది, గుంపులోని అల్పసంఖ్యాకులను. 1944లో డబ్లిన్‌కు చెందిన జోసెఫ్ బిగ్గర్ స్టాఫిలోకాకస్ బాక్టీరియా మీద పెన్సిలిన్ వేస్తే దాదాపు అన్నీ చనిపోయి, కొన్ని మాత్రం మిగిలిపోవడం గమనించాడు. మిగిలిన వాటిని పెంచి మళ్లీ మందు వేస్తే వాటి సంతతి కూడా మామూలుగానే చనిపోయింది. అంటే అవి మందును తట్టుకునే జన్యు మార్పు పొందినవి కావు. అవేమిటో ఆరు దశాబ్దాలపాటు సరిగా తేలలేదు. 2004లో నథాలీ బలబాన్ బృందం సన్నని కాలువల్లో ఒక్కొక్క బాక్టీరియాను విడిగా ఉంచి, మందు వేయకముందు నుంచే సూక్ష్మదర్శిని కింద గమనించింది. బతికి బయటపడినవి మందు రాకముందే ఎదుగుదల ఆపి, మందకొడిగా పడి ఉన్నవేనని అప్పుడు కంటికి కనిపించింది. క్షయవ్యాధికి నెలల తరబడి మందులు వాడవలసి రావడానికి ఇలాంటి మొండి కణాలు ఒక కారణమని భావిస్తున్నారు. గుంపును సగటు చేసి కొలిచినంతకాలం ఇవి కనిపించే అవకాశమే లేదు.

రెండోది, కాలక్రమాన్ని. ఒక ఎంజైమ్ నాలుగు దశల్లో పనిచేస్తుందనుకుందాం. కోట్ల ఎంజైములు ఒకేసారి పని మొదలుపెట్టినా కొద్ది క్షణాల్లోనే ఒక్కొక్కటి ఒక్కో దశలోకి చెదిరిపోతాయి. మొత్తం కొలతలో ఏ దశా విడిగా కనిపించదు. ఒక్క అణువును వెంబడిస్తే ఆగినచోటు, కదిలినచోటు, వెనక్కి జారినచోటు అన్నీ వరసగా తెలుస్తాయి.

మూడోది, కొద్ది సంఖ్యలో ఉండేవాటి ఒడిదుడుకులను. ఒక బాక్టీరియాలో కణానికి ఇంధనమైన ఏటీపీ అణువులు లక్షల్లో ఉంటాయి, వాటికి సగటు సరిపోతుంది. కానీ ఒక జన్యువుకు ఒకటో రెండో ప్రతులే ఉంటాయి. అక్కడ సగటు అనే మాటకే అర్థం పలుచబడుతుంది. 2002లో మైకేల్ ఎలోవిట్జ్ బృందం ఈ.కోలై బాక్టీరియాలో ఒకే నియంత్రణ కింద ఉండే రెండు జన్యువులను పెట్టి, ఒకటి నీలిరంగు, మరొకటి పసుపురంగు మెరిసే ప్రోటీన్‌ను తయారుచేసేలా అమర్చింది. ఒకే జన్యుసంపద, ఒకే తిండి, ఒకే వాతావరణం. అయినా కణాలు వేర్వేరు రంగుల్లో కనిపించాయి. జన్యువు పనిచేయడంలోనే యాదృచ్ఛికత ఉందని ఆ రంగులు రుజువు చేశాయి.

ఈ లోకం కొలమానాలు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఇక్కడ దూరాలు నానోమీటర్లలో, బలాలు పికోన్యూటన్లలో ఉంటాయి. ఒక పికోన్యూటన్ అంటే దాదాపు ఒక ఎర్ర రక్తకణం బరువు. గది ఉష్ణోగ్రత వద్ద నీటి అణువుల తాకిడి వల్ల కలిగే ఉష్ణశక్తి సుమారు 4 పికోన్యూటన్-నానోమీటర్లు. ఒక ఏటీపీ అణువు విచ్ఛిన్నమైతే కణంలో దొరికే శక్తి 80 నుంచి 100 పికోన్యూటన్-నానోమీటర్లు. అంటే జీవయంత్రాల ఇంధనం చుట్టూ ఉన్న గజిబిజి కంటే కేవలం ఇరవై, పాతిక రెట్లు పెద్దది. ఇంత చిన్న తేడా మీద జీవం నిలబడి ఉంది. పరికరం అంతకంటే నిశ్చలంగా ఉంటేనే కొలత కుదురుతుంది.

విద్యుత్తుతో వినడం

ఒక్క ప్రోటీన్ అణువు పనిచేస్తుండగా సజీవకణంలో మొదట స్పష్టంగా పట్టుబడింది విద్యుత్ కొలతలోనే. నాడులు, కండరాలు పనిచేయడానికి కణపు పొరలో అయాన్లను లోపలికీ బయటికీ వదిలే ద్వారాలు ఉండాలని అప్పటికే ఊహించారు. జర్మనీలోని గోటింగెన్‌లో ఎర్విన్ నేహెర్, బెర్ట్ సాక్‌మన్ ఒక సన్నని గాజు పిపెట్ కొసను కప్ప కండరకణం మీద ఆనించి, ఆ కొస కింద ఇరుక్కున్న చిన్న పొరముక్కలో ప్రవాహాన్ని కొలిచారు. 1976లో వారు ప్రచురించిన గ్రాఫులో ప్రవాహం మెట్లుమెట్లుగా లేచి పడుతోంది. ఒక్కో మెట్టు ఒక్క ద్వారం తెరుచుకుని మూసుకోవడం. ప్రవాహం కొద్ది పికోఆంపియర్లు మాత్రమే. అయినా ఒక పికోఆంపియర్ అంటే సెకనుకు అరవై లక్షలకు పైగా అయాన్లు. ఒక అణువు చేసే పని అంతగా గుణించబడి బయటికి వస్తుంది కనుకనే అది కొలతకు అందింది.

ఈ పద్ధతిని నిలబెట్టింది 1980 ప్రాంతంలో దొరికిన ఒక చిన్న సంగతి. శుభ్రమైన పిపెట్‌తో కొంచెం పీలిస్తే పొర గాజుకు గట్టిగా అతుక్కుంటుంది. అతుకు నిరోధం కోట్ల ఓమ్‌ల నుంచి వేల కోట్ల ఓమ్‌లకు, అంటే గిగాఓమ్‌ల స్థాయికి పెరిగి, రొద ఒక్కసారిగా పడిపోతుంది. 1991లో నేహెర్, సాక్‌మన్‌లకు వైద్యరంగంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు కొత్త మందు గుండె లయను పాడుచేస్తుందేమోనని చూసే పరీక్షల్లో ప్యాచ్ క్లాంప్ అనే ఈ పద్ధతి తప్పనిసరి సాధనమైంది. గుండెకణాల్లోని హెర్గ్ అనే పొటాషియం ద్వారాన్ని మందు మూసేస్తే ప్రాణాపాయం, ఆ మూత పిపెట్ కొస దగ్గరే తెలిసిపోతుంది.

ఇదే ఆలోచన మరో మలుపు తిరిగి నానోపోర్ అయింది. ప్రోటీన్ రంధ్రం గుండా అయాన్లతోపాటు డీఎన్ఏ పోగును కూడా పంపిస్తే? పోగు దూరినంతసేపు ప్రవాహం తగ్గుతుంది. ఏ అక్షరం రంధ్రంలో ఉందో దాన్ని బట్టి ఆ తగ్గుదల మారుతుంది. 1996లో జాన్ కసియానోవిచ్, డేనియల్ బ్రాంటన్, డేవిడ్ డీమర్ తదితరులు స్టాఫిలోకాకస్ తయారుచేసే ఆల్ఫా-హీమోలైసిన్ అనే విషప్రోటీన్ రంధ్రం గుండా పోగులను పంపి చూపించారు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే పోగు చదవలేనంత వేగంగా జారిపోయేది. డీఎన్ఏను పట్టి పట్టి వదిలే ఎంజైమ్‌ను రంధ్రం మూతి దగ్గర కాపలా పెట్టాక ఆ చిక్కు తీరింది. 2015లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీలో ఎబోలా వ్యాపించినప్పుడు అరచేతిలో పట్టే నానోపోర్ యంత్రంతో అక్కడికక్కడే వైరస్ జన్యువులను చదివారు. 2022లో మానవ జన్యుపటంలో మిగిలిపోయిన చివరి 8 శాతాన్ని పూరించడంలో కూడా పొడవైన పోగులను ఏకబిగిన చదివే ఈ పద్ధతిది పెద్ద పాత్ర. ఈ మొత్తం సమీక్షలో ప్రయోగశాల నుంచి పొలం దాకా, ఆసుపత్రి దాకా అన్నిటికంటే దూరం నడిచిన ఒంటరి అణువు పద్ధతి ఇదేనని చెప్పవచ్చు.

కాంతితో చూడటం

1961లో బోరిస్ రాట్‌మన్ ఎంజైమ్ ద్రావణాన్ని నూనెలో అతి చిన్న బిందువులుగా చెదరగొట్టాడు. ఒక్కో బిందువులో ఒక ఎంజైమ్ అణువు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఎంజైమ్ ఉన్న బిందువులో గంటల తరబడి మెరిసే పదార్థం పోగుపడి వెలుగు కొలవగలిగినంత అయింది. అణువును నేరుగా చూడకపోయినా దాని పనిని విడిగా లెక్కించాడు. బిందువుల్లో బంధించడమనే ఆ ఉపాయమే యాభై ఏళ్ల తర్వాత కణాల జన్యుపఠనంలో మళ్లీ పనికొచ్చింది.

అణువు నేరుగా కాంతికి దొరికింది 1989లో. ఐబీఎం పరిశోధకులు డబ్ల్యూ.ఈ. మోర్నర్, లోథార్ కాడోర్ ద్రవ హీలియం చల్లదనంలో ఒక స్ఫటికంలో చిక్కిన పెంటసీన్ అణువు కాంతిని పీల్చుకోవడం పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో మిషెల్ ఒరి బృందం అది తిరిగి వెదజల్లే కాంతిని పట్టుకుంది. ఈ రెండో దారి ఎంతో సులువు. చుట్టూ చీకటి ఉంటే ఒక్క అణువు వెలుగు కూడా కనిపిస్తుంది. అప్పటి నుంచి ఇంజనీరింగ్ అంతా చుట్టూ చీకటి చేయడం మీదే సాగింది. గాజుపలక నుంచి కాంతి పూర్తిగా వెనక్కి మళ్లేలా లేజర్‌ను ఏటవాలుగా పంపితే, గాజును ఆనుకుని ఉన్న వంద, రెండు వందల నానోమీటర్ల పొర మాత్రమే వెలుగుతుంది. జపాన్‌లో తోషియో యనగిద బృందం 1995లో ఈ ఉపాయంతో రంగు తగిలించిన ఏటీపీ అణువు ఒక్కొక్కటి మయోసిన్ ప్రోటీన్ మీద వాలడం, విడిపోవడం చూసింది.

ఈ చోట తెలుగువారు ఒక పేరు తలుచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీని వెలికితీశాడు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే ఏడాది స్వతంత్రంగా కనుగొన్నాడు. అంతకుముందు ఫిస్కే-సుబ్బారావులు రూపొందించిన భాస్వరపు పరీక్ష నీలిరంగు గాఢతను బట్టి నడుస్తుంది. అది గుంపు కొలతకు చక్కని ఉదాహరణ. అలాంటి కొలతలే లేకపోతే ఏటీపీ అనేది ఉందని అప్పట్లో తెలిసేదే కాదు. అరవై ఆరేళ్ల తర్వాత అదే ఏటీపీని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ఒంటరి కొలత గుంపు కొలతను రద్దు చేయదు. అది వేసిన పునాది మీదే నిలబడుతుంది.

అణువు కదలికను లోపలి నుంచి కొలిచేది ఫ్రెట్ పద్ధతి. రెండు రంగు అణువుల మధ్య దూరం 2 నుంచి 10 నానోమీటర్లలోపు ఉంటే ఒకదాని శక్తి మరొకదానికి చేరుతుంది. దూరం కొంచెం పెరిగినా ఆ చేరిక అమాంతం తగ్గిపోతుంది. దీని సిద్ధాంతాన్ని 1940లలో థియోడోర్ ఫోర్‌స్టర్ ఇచ్చాడు. 1996లో టేక్జిప్ హా తదితరులు ఒక్క జంటతోనే దాన్ని కొలిచారు. ప్రోటీన్ మడత పడటం, ఎంజైమ్ నోరు తెరిచి మూయడం ఇప్పుడు ఈ పద్ధతితో నేరుగా కొలుస్తున్నారు.

ఇక సూక్ష్మదర్శిని హద్దు సంగతి. కాంతి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం, అంటే సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయని 1873లో ఎర్నెస్ట్ అబ్బే తేల్చాడు. ఆ నియమం తప్పు కాదు. పరిశోధకులు దాని పక్కనుంచి దారి తీశారు. స్టెఫాన్ హెల్ రెండో లేజర్‌తో చుట్టుపక్కల మెరుపును ఆర్పేసి, నడిమి బిందువును మాత్రం వెలగనిచ్చాడు. ఎరిక్ బెట్జిగ్, హెరాల్డ్ హెస్ మరో ఉపాయం పన్నారు. ఒకేసారి అన్ని అణువులనూ వెలిగించకుండా, విడతకు కొన్ని చొప్పున వెలిగించి, ఒక్కోదాని కేంద్రాన్ని లెక్కగట్టి, వేల విడతలను కలిపి చిత్రం కట్టారు. అప్పటికి ఇద్దరికీ ఉద్యోగం లేదు. మొదటి పరికరాన్ని హెస్ ఇంటి ముందుగదిలోనే అమర్చుకున్నారు. 2006లో వారి ఫలితమూ, ఇదే తరహాలో నడిచే షావ్‌వే జువాంగ్ బృందపు స్టార్మ్ పద్ధతీ ఒకే ఏడాది వెలువడ్డాయి. 2014 రసాయన నోబెల్ బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకు దక్కింది. నాడీకణపు పొడవైన తోకలో ఆక్టిన్ ప్రోటీన్ సుమారు 180 నుంచి 190 నానోమీటర్ల ఎడంతో కట్లు కట్లుగా అమరి ఉందని 2013లో తెలిసింది ఈ పద్ధతి వల్లే. మామూలు సూక్ష్మదర్శినికి ఆ ఎడం అందదు.

క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీని కూడా కొందరు ఈ వరసలో చేరుస్తారు. 2017 నోబెల్ పొందిన ఆ పద్ధతి ఒక్కో ప్రోటీన్ బొమ్మ తీస్తుంది, నిజమే. కానీ చివరికి వేలాది, లక్షలాది బొమ్మలను కలిపి సగటు చేస్తుంది. పైగా అణువు మంచులో బిగుసుకుని ఉంటుంది. ఆకారానికి అది సాటిలేనిది. కదలిక కోసం మాత్రం పై పద్ధతుల దగ్గరికే రావాలి.

బలంతో పట్టుకోవడం

కాంతికి ఒత్తిడి ఉంది. బెల్ లేబొరేటరీస్‌లో ఆర్థర్ అష్కిన్ ఆ ఒత్తిడితో సూక్ష్మగోళాలను తోయగలిగినట్టు 1970లో చూపించాడు. 1986లో ఆయన, సహచరులు ఒకే ఒక్క లేజర్ కిరణాన్ని గట్టిగా కేంద్రీకరించి గోళాన్ని ఆ కేంద్రం దగ్గరే పట్టి ఉంచారు. గోళం పక్కకు జరిగితే కాంతి వంగుతుంది, ఆ వంపు ప్రతిచర్య గోళాన్ని మళ్లీ నడిమికి లాగుతుంది. అదే ఆప్టికల్ ట్వీజర్స్, కాంతి పట్టకారు. ఆకుపచ్చ లేజర్‌తో పట్టుకున్న బాక్టీరియా చనిపోతుంటే అష్కిన్ పరారుణ కాంతికి మారాడు, 1987 నాటికి అవి పట్టులో ఉండగానే విభజన చెందాయి. 2018లో, 96 ఏళ్ల వయసులో ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్‌లో సగభాగం వచ్చింది.

ఈ పట్టకారు గొప్పతనం కైనెసిన్ విషయంలో బయటపడింది. కణంలో సరుకులను మోసుకుంటూ మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని గొట్టాల వెంట వెళ్లే ప్రోటీన్ అది. 1993లో కారెల్ స్వొబోద, స్టీవెన్ బ్లాక్ తదితరులు కైనెసిన్ అంటిన గోళాన్ని పట్టి చూస్తే అది జారుతూ పోవడం లేదు, 8 నానోమీటర్ల అడుగులు వేస్తోంది. అయిదు నుంచి ఏడు పికోన్యూటన్ల బలంతో వెనక్కి లాగితే ఆగిపోతుంది. ఎనిమిదిని ఆరుతో గుణిస్తే దాదాపు 50. ఒక ఏటీపీలో ఉండే శక్తిలో సగానికి పైగా పనిగా మారుతోందన్నమాట. ఒక ప్రోటీన్ సామర్థ్యాన్ని ఇంజను సామర్థ్యం లాగే లెక్కగట్టే రోజు అలా వచ్చింది. 2005లో బ్లాక్ బృందం ఆర్ఎన్ఏ పాలిమరేజ్ డీఎన్ఏ మీద ఒక్కో అక్షరం చొప్పున, అంటే 0.34 నానోమీటర్ల చొప్పున కదలడం కొలిచింది. ఆ కొలత కోసం లేజర్ దారిలో గాలి అలజడి లేకుండా హీలియం నింపవలసి వచ్చింది.

ఏటీపీని తయారుచేసే ఎంజైమ్ కథ ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. అది తిరుగుతూ పనిచేస్తుందని పాల్ బోయర్ చాలా ముందే ప్రతిపాదించాడు. 1997లో జపాన్‌లో నోజి, యసుద, యోషిద, కినోసిత ఆ ఎంజైమ్ ఇరుసుకు మెరిసే ఆక్టిన్ పోగును తగిలించి, అది సూక్ష్మదర్శిని కింద గిరగిరా తిరగడం అందరికీ చూపించారు. ఏటీపీకి 120 డిగ్రీల చొప్పున తిరిగే ఆ భ్రమణంలో జరిగే పని లెక్కగడితే సామర్థ్యం నూటికి నూరుకు దగ్గరగా తేలింది. అదే ఏడాది బోయర్‌కు నోబెల్ వచ్చింది.

అయస్కాంతంతో పట్టే పద్ధతికి కూడా పాత చరిత్ర ఉంది. డీఎన్ఏ జోలికి రాకముందు ఫ్రాన్సిస్ క్రిక్ కేంబ్రిడ్జ్‌లో కణాల్లోకి అయస్కాంతపు రేణువులను పంపి, వాటిని తిప్పి, కణద్రవం చిక్కదనాన్ని కొలిచాడు. 1996లో పారిస్‌లో విన్సెంట్ క్రోకెట్, డేవిడ్ బెన్సిమోన్‌ల బృందం డీఎన్ఏ పోగు ఒక కొసను గాజుకు, మరో కొసను అయస్కాంత గోళానికి కట్టి మెలితిప్పింది. మెలికలు విప్పే టోపోఐసోమరేజ్ ఎంజైములు ఒక్కో విడతలో ఎన్ని మెలికలు విప్పుతాయో ఈ పరికరం లెక్కపెడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు దెబ్బకొట్టేది బాక్టీరియాలోని ఈ కోవ ఎంజైములనే.

మూడో సాధనం అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్. 1986లో గెర్డ్ బినిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టఫ్ గెర్బర్ దీన్ని తయారుచేశారు. ఒక కొస బిగించిన సన్నని పలకకు రెండో కొసన మొన ఉంటుంది. మొన అణువును తాకినప్పుడు పలక వంగే తీరును లేజర్‌తో కొలుస్తారు. 1997లో మథియాస్ రీఫ్, హెర్మన్ గాబ్ తదితరులు కండరంలోని టైటిన్ ప్రోటీన్‌ను ఈ మొనతో లాగితే దాని మడతలు ఒక్కొక్కటిగా విడిపోతూ గ్రాఫు మీద రంపపు పళ్లలా వచ్చాయి. కానజావాలో తోషియో ఆండో ఈ పరికరాన్ని అతి వేగవంతం చేసి, 2010లో మయోసిన్-5 రెండు కాళ్లతో నడవడాన్ని చలనచిత్రంగా తీశాడు. కాంతి పట్టకారు సున్నితమైన బలాలకు, అయస్కాంతం మెలితిప్పడానికి, మొన పెద్ద బలాలకూ ఉపరితలాలకూ తగినవి. ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కావు.

ఒక్కొక్క కణం లెక్క

కణాన్ని విడిగా కొలిచే పద్ధతి మన ఊళ్లలోని డయాగ్నొస్టిక్ సెంటర్ల దాకా ఎప్పుడో వచ్చింది. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ రాయించుకున్న ప్రతివారూ దాని ఫలితం చూసినవారే. వాలెస్ కోల్టర్ 1953లో పేటెంట్ పొందిన సూత్రం ప్రకారం, ఉప్పునీటిలోని సన్న రంధ్రం గుండా రక్తకణం వెళ్లినప్పుడు విద్యుత్ నిరోధం దాని పరిమాణానికి తగినట్టు పెరుగుతుంది. రక్తపరీక్ష యంత్రాలు చాలావరకు ఇప్పటికీ ఎర్ర కణాలను, ప్లేట్‌లెట్లను లెక్కపెట్టేది అలాగే. 1965లో మ్యాక్ ఫుల్‌వైలర్ కణాలున్న బిందువులకు విద్యుదావేశం ఇచ్చి వేరుచేశాడు. స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్ దానికి మెరుపు రంగులను జోడించాడు. ఫ్లో సైటోమీటర్ అలా పుట్టింది. హెచ్ఐవీ బాధితుల సీడీ4 లెక్కలు, రక్తక్యాన్సర్ల వర్గీకరణ దాని మీదే ఆధారపడ్డాయి.

కణం ఎంత గట్టిదో కూడా రోగ సమాచారమే. మలేరియా క్రిమి ప్లాస్మోడియం ఫాల్సిపరం చేరిన ఎర్ర రక్తకణాన్ని సుబ్రా సురేష్ బృందం ఎంఐటీలో కాంతి పట్టకారుతో సాగదీసి చూస్తే, క్రిమి ఎదిగేకొద్దీ కణం దాదాపు పది రెట్ల దాకా బిరుసెక్కింది. తనకంటే సన్నని రక్తనాళాల్లో వంగి దూరిపోవలసిన కణం ఇరుక్కుపోవడానికి అది కారణం. క్యాన్సర్ కణాలది దీనికి విరుద్ధం. 2007లో రోగుల ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి తీసిన కణాలను మొనతో నొక్కి చూస్తే, వ్యాపించే క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే 70 శాతానికి పైగా మెత్తగా ఉన్నాయి. అదే ఏడాది ఎంఐటీలో స్కాట్ మనాలిస్ బృందం కంపించే సన్నని పలక లోపల ద్రవం పారే కాలువ చేసి, అందులోంచి వెళ్లే ఒక్కో బాక్టీరియాను తూచింది. బరువు పెరిగినంత మేర కంపనం నెమ్మదిస్తుంది.

రంగు పూయకుండానే కణాన్ని గుర్తుపట్టే మార్గం రామన్ పరిక్షేపణం. 1928లో కలకత్తాలో సి.వి. రామన్ కనుగొన్న ఆ కాంతి మార్పు చాలా బలహీనమైనది. వెండి రేణువుల పక్కన అది ఎన్నో రెట్లు బలపడుతుంది. 1997లో రెండు బృందాలు ఆ తోడ్పాటుతో ఒంటరి అణువు రామన్ సంకేతాన్ని పట్టుకున్నాయి. వాటిలో కాట్రిన్ నీప్ బృందంలో ఎంఐటీకి చెందిన రామచంద్ర దాసరి ఒకరు.

2015లో బిందువుల ఉపాయం కణాల్లోకి తిరిగి వచ్చింది. ఒక్కో కణాన్ని ఒక్కో నూనె బిందువులో బంధించి, దాని ఆర్ఎన్ఏకు గుర్తింపు సంకేతం అంటించి, అన్నిటినీ కలిపి చదివే డ్రాప్-సీక్ పద్ధతితో 44,808 ఎలుక రెటీనా కణాలను 39 రకాలుగా విడదీశారు. ఊపిరితిత్తి లోపొరలో అయనోసైట్ అనే కణరకం 2018లో ఇలాగే దొరికింది. అవి నూటికి ఒకటి దాకా మాత్రమే ఉంటాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో చెడిపోయే జన్యువు అన్నిటికంటే ఎక్కువగా పనిచేసేది వాటిలోనే. ఆ జబ్బు జన్యువు తెలిసి దాదాపు మూడు దశాబ్దాలైనా ఆ కణం సగటు చాటున దాగి ఉండిపోయింది.

ఎంతవరకు నమ్మాలి?

ప్రతి పద్ధతీ తాను కొలిచేదాన్ని ఎంతో కొంత మారుస్తుంది. రంగు తగిలిస్తే ప్రోటీన్ నడక మారవచ్చు. గట్టి లేజర్ కణాన్ని కాల్చవచ్చు, రంగు అణువు కొద్ది సెకన్లలోనే ఆరిపోతుంది. మొనతో లాగే వేగం జీవంలో జరిగే లాగుడు వేగం కాదు. వేగం మారితే మడత విడే బలం కూడా మారుతుంది. గాజు మీద అంటించిన అణువు కిక్కిరిసిన కణం లోపలి అణువుతో సమానం కాదు. ఆర్ఎన్ఏ చదవడానికి కణాన్ని చంపాలి, అప్పుడూ అందులో కొంత భాగమే చేతికి చిక్కుతుంది.

ఇంకో ప్రమాదం ఎంపికలో ఉంది. చక్కగా నడిచిన అణువును బొమ్మగా వేసి, నడవని వందను పక్కనపెట్టడం సులువు. అందుకే 2018లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగానికి చాలా ముఖ్యం. ప్రపంచంలోని ఇరవై ప్రయోగశాలలు ఒకే డీఎన్ఏ నమూనాలను, జవాబు ముందుగా తెలియకుండా ఫ్రెట్‌తో కొలిచాయి. ఒక రంగు అణువు నుంచి మరొకదానికి చేరే శక్తి నిష్పత్తిలో ఫలితాల తేడా 0.02 నుంచి 0.05 లోపే నిలిచింది. పద్ధతి పరిణతి చెందిందని చెప్పడానికి ఏ అద్భుత చిత్రం కంటే ఇది బలమైన సాక్ష్యం. మెత్తదనం కొలతలు, కణాల జన్యుపఠనం ఇంకా ఈ స్థాయి క్రమశిక్షణకు చేరవలసి ఉంది. పరికరం మారితే, విశ్లేషణ సాఫ్ట్‌వేర్ మారితే అంకె మారే పరిస్థితి వాటిలో ఉంది. రోగి చికిత్సను ఆ అంకె మీద నిర్ణయించకముందే ఇది సరికావాలి.

కనుక తీర్పు ఇది. నానోపోర్, ఫ్లో సైటోమెట్రీ, ప్యాచ్ క్లాంప్ పరీక్షకు నిలిచి సమాజానికి అందాయి. అణుమోటార్ల మీద కాంతి పట్టకారు చెప్పిన లెక్కలు పాఠ్యపుస్తకాల్లో చేరడానికి అర్హమైనవి. ఇక కావలసింది రెండు. సజీవకణం లోపల, జీవపు వేగంతో కొలవడం మొదటిది. కాంతి, బలం, జన్యుపఠనం ఈ మూడింటినీ ఒకే కణం మీద కలిపి ప్రయోగించడం రెండోది.

మనం చేయవలసింది

ఒక్కొక్క అణువును, కణాన్ని కొలిచే ఈ పని మన దేశంలోనూ జరుగుతోంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో రూప్ మల్లిక్ బృందం కాంతి పట్టకారును కణం లోపలి సరుకుల మీదే ప్రయోగించి, డైనీన్ అనే మోటారు ప్రోటీన్లు బలహీనమైనవైనా గుంపుగా ఎలా బలం పుంజుకుంటాయో 2013లో చూపించింది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో నానోపోర్ల మీద పని సాగుతోంది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, టాటా ఇన్‌స్టిట్యూట్ కేంద్రం రెండూ ఉన్నాయి. లోటు ఉన్నది వీటికి విద్యార్థులను అందించే చోట.

ఈ వ్యాసంలో వచ్చిన ప్రతి ముందడుగు వెనకా భౌతికశాస్త్రం, జీవశాస్త్రం రెండూ వచ్చిన బుర్ర ఒకటో, ఆ రెండింటి కోసం కలిసి కూర్చున్న ఇద్దరో ఉన్నారు. మన దగ్గర పదో తరగతి దాటగానే ఎంపీసీ, బైపీసీ అని పిల్లలను రెండు గట్ల మీద నిలబెట్టే అలవాటు బలంగా పాతుకుపోయింది. లెన్సు గురించి చదివినవాడికి కణం తెలియదు, కణం గురించి చదివినామెకు లెన్సు లెక్క రాదు. దీన్ని సరిచేయడానికి కోట్ల రూపాయల పరికరాలు అక్కర్లేదు. డిగ్రీ కళాశాలలో ఉన్న మామూలు సూక్ష్మదర్శినికి ఫోన్ కెమెరా బిగించి, నీటిలో తేలే మైక్రాన్ గోళాల కదలికను రికార్డు చేసి, అవి ఎంత చెదిరాయో లెక్కగడితే అణువుల లెక్క చేతికి వస్తుంది. జాన్ పెరాన్ వందేళ్లకు పైగా కిందట చేసి, 1926లో నోబెల్ పొందిన పని ఇలాంటిదే. ఈ ప్రయోగాన్ని ఫిజిక్స్, జువాలజీ విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కలిసి చేసేలా మన అధ్యాపకులు ఈ విద్యా సంవత్సరంలోనే ఏర్పాటు చేయాలి. అనుమతుల కోసం ఆగవలసిన అవసరం లేని పని ఇది.